పంటికీ ఎముకకూ నడుమ

నేను ఒక పీచుపొరను. పై దవడలో కుడివైపు కోరపంటి వేరు చుట్టూ, ఆ వేరుకూ ఎముకకూ నడుమ ఉంటాను. నా మందం పావు మిల్లీమీటరు. మీరు నన్ను చూసి ఉండరు. పళ్ళు తోముకునేటప్పుడు అద్దంలో పన్ను కనిపిస్తుంది, చిగురు కనిపిస్తుంది, నేను కనిపించను. అందుకే పన్ను ఎముకలో, గోడలో మేకు దిగినట్టు దిగి ఉంటుందని మీలో చాలామంది అనుకుంటారు. అలా అనుకున్నందుకు నాకు కోపం లేదు. కోపం తెచ్చుకున్నా చేయగలిగింది లేదు. నా సంగతి నేను చెప్పుకోకపోతే ఇంకెవరూ చెప్పేట్టు లేరు కనుక చెబుతున్నాను.

పన్ను ఎముకను తాకదు. నులక మంచంలో మనిషి పడుకున్నట్టు నా పోగుల మీద వేలాడుతూ ఉంటుంది. వేల పోగులు నావి. ఒక్కోదానికి ఒక కొస వేరులో నాటుకుని ఉంటుంది, ఇంకో కొస ఎముకలో. మీరు వేరుశెనగ గింజ కొరికినప్పుడు ఆ దెబ్బ ఎముకకు తగలకుండా కాసుకునేది నేను. అన్నంలో రాయి తగలగానే మీ దవడ టక్కున ఆగుతుంది చూడండి, ఆ కబురు మెదడుకు పంపేదీ నేనే. ఇంత చేస్తున్నా నాకు ఇంట్లో పిలుచుకునే పేరు కూడా లేదు.

మాది ముగ్గురు పుట్టిన ఇల్లు. దవడ లోపల పన్ను మొగ్గగా ఉన్నప్పుడు దాని చుట్టూ ఒక మెత్తటి సంచి ఉండేది. ఆ సంచిలోనుంచే వేరు మీద పూత, చుట్టూ గూడు కట్టిన ఎముక, ఆ రెంటి మధ్యా నేను తయారయ్యాం. తోబుట్టువులమే అయినా పూతకూ ఎముకకూ బొత్తిగా పడదు. రెండూ తాకితే చాలు, అతుక్కుపోతాయి. అతుక్కుంటే పన్ను ఇక జన్మలో కదలదు. వాటిని దూరం పెట్టడం నా మొదటి పని.

నేను ఉన్న నోరు రాపోలు ప్రణీతది. నల్లగొండ వైపు ఒక చేనేత ఊరు వాళ్ళది. తండ్రి మగ్గం నేస్తాడు, తల్లి చట్రం మేకుల చుట్టూ నూలు తిప్పి ఆసు పోస్తుంది, నాయనమ్మ అండాలమ్మ చిటికి కడుతుంది. చిటికి అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. చీర నేయకముందే నూలుకు రంగులు పడాలి. రంగు పడకూడని చోట నూలును గట్టిగా కట్టి, మొత్తం కట్టను రంగులో ముంచుతారు. కట్టడానికి వాడేది పాత సైకిల్ ట్యూబు. దాన్ని సన్నటి పట్టీలుగా కోసి, ఒక కొసను పళ్ళతో పట్టుకుని, రెండో కొసను నూలు చుట్టూ బిగించి ముడి వేస్తారు. ముడి వదులైతే రంగు లోపలికి చొరబడి పువ్వు కాస్తా మరకవుతుంది. అండాలమ్మ కట్టిన చిటికిలోకి రంగు పోదని ఊరంతా చెప్పుకుంటారు. ఆ మాటకు ఆమె కాదనకుండా తల ఊపుతుంది. ఆమె ముందుపళ్ళలో రబ్బరు లాగీ లాగీ సన్నటి గాడి పడింది, దాన్ని కూడా మెడల్ లాగా చూపిస్తుంది.

ఇవన్నీ నీకెలా తెలుసంటారేమో. ఎముక మాటను బాగా మోస్తుంది. ఆ ఇంట్లో మగ్గం చప్పుడు మొదలు గొణుగుళ్ళ దాకా ఏదీ నన్ను దాటిపోలేదు.

మా కోరపన్ను బయటికి వచ్చేసరికి ప్రణీతకు పన్నెండు దాటాయి. అప్పటికే ముందొచ్చినవాళ్ళు చోటంతా ఆక్రమించుకున్నారు. బస్సులో చివర ఎక్కినవాడు ఎక్కడ నిలబడతాడు? పన్ను మీద పన్నుగా, చిగురులో ఎత్తున, వరసకు బయట నిలబడ్డాం. ఆ తరువాత ప్రణీత నవ్వొచ్చినప్పుడల్లా చున్నీ కొస నోటికి అడ్డం పెట్టుకోవడం నేర్చింది. ఇంటర్ అయ్యేవరకు అలాగే గడిపింది. పదిహేడో ఏట ఎవరో చెబితే, నాయనమ్మను వెంటబెట్టుకుని హైదరాబాదులో ఒక డెంటల్ కాలేజీకి వెళ్ళింది. అక్కడ చదువుకుంటూ వైద్యం చేసే డాక్టర్ లహరి మమ్మల్ని చూసింది. రాజమండ్రి మనిషి, చేతులు మెత్తన, మాట వేగం. వెనకాల ఒక చిన్న దవడపన్ను తీసేసి చోటు చేస్తాననీ, కోరపన్నును ఆ ఖాళీలోకి జరుపుతాననీ, ఏడాదిన్నర పడుతుందనీ చెప్పింది.

అన్నట్టే పక్కపన్ను పోయింది. దాని చుట్టూ ఉన్న నాలాంటి పొర దాంతోపాటే ట్రేలో పడింది. వీడుకోలు చెప్పే తీరిక కూడా ఇవ్వలేదు. తరువాత పళ్ళ వరస సరిచేసే కమ్ములు, తీగ, కొక్కేలు వచ్చాయి. ఆ తీగ డాబు చూడాలి. నికెలూ టైటానియమూ కలిపి చేశారట, వంచినా మళ్ళీ తన తీరుకే వస్తుందట. బస్సులో, వీధిలో, పెళ్ళిళ్ళలో అందరూ దాన్నే చూశారు, పళ్ళను అదే జరుపుతోందన్నారు. మనుషులు మెరిసేదానికే దండం పెడతారు, ఏం చేస్తాం.

జరిగేది ఇదీ. కోరపంటి కొక్కేనికీ వెనకాల దవడపంటి కొక్కేనికీ మధ్య ఒక చిన్న రబ్బరు వేస్తారు. అది పన్నును వెనక్కి లాగుతుంది. లాగితే పన్ను కదిలేది వెంట్రుకవాసి, అంతే. ఆపైన ఎముక అడ్డం. రబ్బరు పని అక్కడితో సరి, మిగిలిందంతా నాది. వెనకవైపు నేను నలుగుతాను. నలిగిన చోట నాలోని కణాలు ఒక కబురు పంపుతాయి: ఇక్కడ గోడ అడ్డంగా ఉంది, వచ్చి తినండి అని. ఆ కబురందుకుని నెత్తుట్లోంచి ఎముక తినేవాళ్ళు వస్తారు. డాక్టర్లు వాళ్ళను ఆస్టియోక్లాస్టులంటారు. నాకు నోరు తిరగదు, తిండిపోతులంటాను. వాళ్ళు ఎముకను కరుచుకుని, పులుపు వదిలి, కరిగించి తింటారు. ముందువైపు నా పోగులు సాగుతాయి. సాగిన చోట కట్టేవాళ్ళు మేలుకుని కొత్త ఎముక పోస్తారు.

వినడానికి సులువుగానే ఉంటుంది. తిండిపోతులను పిలవడం తేలిక, ఆపడమే కష్టం. ఎక్కువ తింటే పన్ను ఊగుతుంది, తక్కువ తింటే కదలదు. అందుకని నా దగ్గర రెండో కబురు కూడా ఉంటుంది. అది మొదటి కబురును దారిలోనే పట్టుకుని ఆపేస్తుంది. వెనకవైపు మొదటిది ఎక్కువ పంపాలి, ముందువైపు రెండోది ఎక్కువ పంపాలి, ఎంత నలిగామో ఎంత సాగామో చూసుకుంటూ గంటగంటకూ మార్చుకోవాలి. ఈలోగా పాత పోగులు తెంపి, కొత్త పోగులు నేసి, జరిగిన పన్నును జరిగినచోట మళ్ళీ కట్టుకోవాలి. నాలోనూ నేతగాళ్ళున్నారు మరి. పని చేయడానికి నాకు కావలసింది ఒక్కటే, నెత్తురు. లాగుడు మెత్తగా ఉంటే నాలోని సన్నటి రక్తనాళాలు తెరుచుకుని ఉంటాయి. అందుకే డాక్టర్ లహరి ఇచ్చిన రబ్బరు అంత బలహీనంగా ఉంటుంది.

"రోజుకొకటి మార్చమ్మా. రెండు మాత్రం పెట్టకు," అని చెప్పి పొట్లం చేతిలో పెట్టింది డాక్టరు. రెండు ఎందుకు పెట్టకూడదో చెప్పే తీరిక ఆమెకు లేదు. బయట నలభైమంది కూర్చుని ఉన్నారు.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా బ్రహ్మాండంగా పనిచేశాం. నెలకు మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. డాక్టరు కొలిచి, కాగితం మీద రాసుకుని, తీగను మెచ్చుకుంది. ఇంకా నాలుగు మిల్లీమీటర్లు మిగిలింది.

మే నెలలో ఉత్తరం వచ్చింది. చేనేత సాంకేతిక విద్య నేర్పే కళాశాలలో, ప్రవేశపరీక్ష రాసిన ప్రణీతకు డిప్లొమా సీటు వచ్చింది. మూడేళ్ళ చదువు. వాళ్ళింటికి డిజైన్లు ఎప్పుడూ పట్నం వ్యాపారి దగ్గరనుంచే వచ్చేవి. అతను గీసుకొచ్చిన పువ్వునే వీళ్ళు కట్టాలి, వీళ్ళు నేయాలి. ప్రణీత నోటుపుస్తకాల వెనకపేజీల్లో తన సొంత పువ్వులు ఎన్నో ఉండేవి. గళ్ళ కాగితం మీద గీయడం, రంగుల రసాయనం, అన్నీ అక్కడ నేర్పుతారట. ఆ పిల్ల ఉత్తరం పట్టుకుని ఎగిరినప్పుడు మేమంతా ఎగిరాం. ఆగస్టు ఒకటిన చేరాలి. ఊరు దూరం, ఒక రాత్రీ ఒక పూటా ప్రయాణం. హాస్టలు. మొదటి ఏడు పండగ సెలవులు తప్ప ఇంకేమీ ఇవ్వరు. ఆ ఊళ్ళో కమ్ముల డాక్టరు లేడు.

"ఇంకో తొమ్మిది నెలలైనా పడుతుందమ్మా," అంది డాక్టర్ లహరి. "మధ్యలో వదిలేస్తే జరిగిన పళ్ళు ఎటు పడితే అటు పోతాయి. నెలనెలా రావాల్సిందే."

ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చుని ఏడుస్తుంటే అండాలమ్మ వచ్చి నోరు తెరవమంది. కొక్కేల మధ్య ఉన్న రబ్బరును వేలితో మీటి చూసి నవ్వింది.

"గిదేం రబ్బరు బిడ్డా, దోమకు దారం కట్టినట్టున్నది. గట్టిగ కట్టకుంటె రంగే ఆగది, పన్ను ఇంటదా?"

"రెండు పెట్టొద్దన్నది మేడం."

"రెండెందుకే? ఒక్కటే కడ్తం. సక్కగ కడ్తం."

అరవై ఏళ్ళుగా బిగించడమే తెలిసిన చేతులు అవి. వదులుగా కట్టడం ఆమె దృష్టిలో బద్ధకం. ట్యూబు పట్టీని బ్లేడుతో దారమంత సన్నగా కోసింది. వేణ్ణీళ్ళలో వేసి తీసింది. ఒక కొక్కేనికి ఇటు, రెండో కొక్కేనికి అటు తగిలించి, తన ముడి వేసింది. ఆ ముడి సంగతి చెప్పాను కదా, లోపలికి రంగు పోదు.

నా లోపలికి నెత్తురు పోలేదు.

వెనకవైపు నన్ను ఎముకకేసి అదిమేసింది. రక్తనాళాలు మూసుకుపోయాయి. మొదటి గంటలో గగ్గోలు పెట్టాను, ప్రణీత దవడ పట్టుకుని రెండు మాత్రలు మింగింది. నొప్పి అంటే పన్ను వస్తోందనుకుంది పిచ్చిపిల్ల. రెండోరోజుకు ఆ మేరకు నేను చచ్చిపోయాను. నేతగాళ్ళు పోయారు, కబురు రాసేవాళ్ళు పోయారు. మిగిలిందంతా గాజులా బిగుసుకుపోయిన ముద్ద. కబురు లేకపోతే తిండిపోతులు రారు. వాళ్ళు రాకపోతే గోడ తరగదు. గోడ తరగకపోతే పన్ను కదలదు. ఎంత గట్టిగా లాగితే అంత నిలబడిపోయింది.

ఇలాంటప్పుడు మాకు ఒక దొడ్డిదారి ఉంది. చచ్చిన భాగానికి పక్కన బతికున్న భాగం, ఎముక లోపలి గుజ్జు కలిసి వెనకనుంచి తిండిపోతులను పిలుస్తాయి. వాళ్ళు గోడను అవతలివైపునుంచి తొలుచుకుంటూ వస్తారు. వారాలు పడుతుంది గానీ దారి దొరుకుతుంది. ఆ వారాలు మమ్మల్ని వదిలేయాలి మరి. అండాలమ్మ నాలుగురోజులకొకసారి కొత్త పట్టీ కట్టింది. ముడి సడలిందేమోనని రోజూ మీటి చూసింది. బతికున్నదీ కొంచెం కొంచెంగా నలిగిపోయింది. ఇంకా చెడ్డ సంగతి, తొలవడానికి వచ్చినవాళ్ళు చచ్చిన భాగాన్ని ఊడుస్తూ ఊడుస్తూ వేరు కొసను కూడా గీకడం మొదలుపెట్టారు. నేను బతికుంటే వాళ్ళను వేరు జోలికి పోనివ్వను. అక్కడ అడ్డుకునేవాళ్ళెవరూ మిగల్లేదు.

హైదరాబాదు వెళ్ళే రోజు పొద్దున ప్రణీత ఆ పట్టీ తీసేసి డాక్టరు ఇచ్చిన రబ్బరు వేసుకునేది. జూన్‌లో డాక్టరు కొలిచింది. కదల్లేదు. "రబ్బర్లు సరిగ్గా వేస్తున్నావా?" అంటే "వేస్తున్న మేడం," అంది. జూలై మొదట్లో మళ్ళీ కొలిచింది. కదల్లేదు. పెద్ద ప్రొఫెసరును పిలుచుకొచ్చింది. ఆయన అద్దం పిడితో పంటి మీద టకటక కొట్టి విన్నాడు, ఎక్స్‌రే చూశాడు, పెదవి విరిచాడు. పన్ను ఎముకకు అతుక్కుపోయి ఉంటుందన్నాడు. మొదట్లో కదిలి తరువాత అతుక్కుపోయేవీ ఉంటాయన్నాడు. ఇంకా లాగుతూ ఉంటే పక్కపళ్ళు పాడవుతాయి, దీన్ని తీసేయమన్నాడు.

అతుక్కోలేదు! నాలో సగానికిపైగా ఇంకా ఊపిరితోనే ఉంది, పూతనూ ఎముకనూ ఇంకా దూరంగానే పట్టుకుని ఉంది. కావలసింది విశ్రాంతి. ఆ మాట చెప్పడానికి నాకు తెలిసిన భాష నొప్పి ఒక్కటే. ఆ పూట నొప్పి పుట్టించాను. దాన్ని కూడా పన్ను పాడైందనడానికి గుర్తుగానే రాసుకున్నారు.

డాక్టర్ లహరి ప్రణీతను ఓదార్చాలని చూసింది. "బాధపడకమ్మా. దీనివల్ల నీకు ఒక మంచి కూడా ఉంది. ఈ పన్ను తీసేసి, అక్కడ కట్టుడు పన్నుతో క్లిప్పు ఇచ్చేస్తాను. కమ్ములు విప్పేయొచ్చు. ఆగస్టు ఒకటికి నువ్వు హాస్టల్లో ఉంటావు."

ప్రణీత ఏడుపు ఆగిపోయింది. నాకు గుండె లేదు గానీ ఉంటే జారేది. ఇరవయ్యో తేదీకి పన్ను తీయడానికి రాసిచ్చారు.

ఆ రెండు వారాలూ పట్టీ కట్టలేదు. ప్రణీత మాట్లాడటమూ తగ్గించింది. ఒకటి రెండుసార్లు అద్దం ముందు నిలబడి నాలుకతో పన్నును తడిమింది. ప్రణీతకు అర్థమైంది, నాకు తెలుసు. సీటు రాకముందు నాలుగు నెలలు కదిలిన పన్ను, ట్యూబు రబ్బరు కట్టిన రోజునుంచే ఆగిపోయిందని లెక్క కట్టలేనంత తెలివితక్కువది కాదు ఆ పిల్ల. చెబితే డాక్టరు ఆగుతుంది. ఆగితే ఆగస్టు పోతుంది. చెప్పకపోతే పన్ను పోతుంది, చదువు దక్కుతుంది, నాయనమ్మను ఎవరూ ఒక మాట అనరు. మౌనానికే లాభం ఎక్కువ. నేను ఆమె స్థానంలో ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

పద్దెనిమిదో తేదీన ఇంట్లో ఒక పెద్ద కట్ట విప్పారు. ఎనిమిది చీరలకు సరిపోయే నూలు. రంగు ఆరాక చిటికిలన్నీ విప్పి, మగ్గం మీదికి ఎక్కించబోయే ముందు వరండాలో పరిచి చూడటం వాళ్ళింటి పద్ధతి. కట్టినవాళ్ళంతా చుట్టూ కూర్చోవాలి. ఎవరి చెయ్యి ఎక్కడ జారిందో వాళ్ళే చెప్పాలి. ఇంకొకరు వేలు చూపించే దాకా ఆగకూడదు. ఆ రోజు నూలు మీది చిలక బొమ్మలో మెడ దగ్గర ఎరుపు చొరబడి ఉంది. అండాలమ్మ కొడుకూ కోడలూ చూసి కూడా చూడనట్టు ఊరుకున్నారు, ఎందుకంటే ఆ వరస ఎవరిదో వాళ్ళకు తెలుసు. అండాలమ్మ నూలును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"నేనే కట్టిన గిది. నా చెయ్యి జారింది," అంది. "నూలు మంచిదే. మల్ల కడ్త. మగ్గమెక్కకముందు సూసుకున్నం, నయమైంది."

అరవై ఏళ్ళ పేరు అది. ఆ మాట నాకు ప్రణీత ఎముకలోంచి వినిపించింది. కోడలు ఏదో సర్దిచెప్పబోతే వద్దంది. ప్రణీత లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఇరవయ్యో తేదీ పదకొండు గంటలకు కుర్చీలో పడుకోబెట్టారు. ట్రేలో సూది, పట్టకారు, దూది. అండాలమ్మను గదిలో ఒక మూల స్టూలు మీద కూర్చోనిచ్చారు. డాక్టర్ లహరి సూదిలోకి మందు తీసింది. ఆ మందు పడితే నాకు ఇక స్పృహ ఉండదని నాకు తెలుసు, పక్కపన్ను పోయినప్పుడు విన్నాను.

"భయపడకు. చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే," అంది డాక్టరు. "ఇందులో నీ తప్పేం లేదమ్మా, మా తప్పూ లేదు. కొన్ని పళ్ళు అంతే. ఈ పన్నే అలాంటిది."

ప్రణీత నోరు మూసేసింది. డాక్టరు చేతిని పట్టుకుంది.

"ఆగుండ్రి మేడం. పన్ను మంచిదే. నేను కట్టిన."

"ఏం కట్టావు?"

"సైకిల్ ట్యూబు రబ్బరు. మే నెల నుంచి. మీ దగ్గరికొచ్చే దినం తీసేస్తుంటి. మీరు రెండు పెట్టొద్దన్నరు గదా, నేను ఒక్కటే పెట్టిన."

అండాలమ్మ స్టూలు మీదనుంచి లేచింది. "పోరిని ఏమనకుండ్రి మేడం. కోసింది నేను, ముడేసింది నేను. అది ఒద్దనే అన్నది." బొడ్డుసంచిలో చెయ్యి పెట్టి వెతికి, సన్నటి నల్ల పట్టీ ఒకటి తీసి డాక్టరు అరచేతిలో పెట్టింది.

డాక్టర్ లహరి సూదిని ట్రేలో పడేసింది. సొరుగులోంచి బలం కొలిచే చిన్న కొలబద్ద తీసి, పట్టీని దానికి తగిలించి, కొక్కేల మధ్య ఎంత దూరం ఉందో అంత మేరకు లాగింది. ముల్లు చివరిదాకా వెళ్ళి కొట్టుకుని ఆగిపోయింది. ఇంకా లాగాల్సింది సగం మిగిలే ఉంది. ఆమె దగ్గరున్న కుర్చీలో కూలబడింది.

"నాకు రెండు నెలలు నిద్ర లేదు తెలుసా?" అంది. "నా చేతిలో ఏదో తప్పు జరిగిందనుకున్నాను. మామ్మగారూ, గట్టిగా లాగితే పన్ను రాదండీ. పన్నును జరిపేది రబ్బరు కాదు. వేరు చుట్టూ ఒక పొర ఉంటుంది. అది బతికుండాలి. దానికి నెత్తురు అందాలి. ఎముకను ఎక్కడ తీయాలో ఎక్కడ పొయ్యాలో అదే చూసుకుంటుంది. మీరు దాన్ని పిసికేశారు."

ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో ఒక మనిషి నోట నా మాట వినడం అదే మొదలు. ఆ సంతోషం ఇప్పటికీ చెప్పలేను.

"మరి ఇప్పుడు?" అంది అండాలమ్మ.

"ఏమీ చెయ్యం. ఆరు వారాలు చెయ్యి పెట్టం. బతికుంటే అదే చూసుకుంటుంది. కదిలితే పన్ను ఉంటుంది, కదలకపోతే అప్పుడు తీద్దాం." ఆమె ప్రణీతవైపు తిరిగింది. "ఆరు వారాలంటే ఆగస్టు దాటిపోతుంది. తెలిసే చెప్పావా?"

"తెలుసు మేడం."

ఆగస్టు ఒకటి వచ్చింది, వెళ్ళింది. కళాశాలకు తండ్రి ఫోన్ చేసి ఒక ఏడు ఆగగలరా అని అడిగాడు. ఆగలేమన్నారు. సీటు ఇంకొకరికి ఇచ్చేశారు. ఆ పూట ప్రణీత అన్నం తినలేదు. మగ్గం గదిలో చిటికి కట్టే చట్రం ముందు కూర్చుని గట్టిగా ఏడ్చింది, అండాలమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆ ఏడుపు నా మూలంగానే. ఓదార్చడానికి నా దగ్గర ఏమీ లేదు. పని ఒక్కటే ఉంది, చేశాను.

ముందు ఊడ్చేవాళ్ళు వచ్చి గాజుముద్దను ముక్కముక్కగా ఎత్తుకుపోయారు. బతికున్న అంచునుంచి కొత్త రక్తనాళాలు వేళ్ళూనుకున్నాయి. వాటి వెంట కొత్త నేతగాళ్ళు వచ్చారు. ఎముక అవతలనుంచి తిండిపోతులు తొలుచుకుంటూ తొలుచుకుంటూ ముప్పై రెండో రోజున ఇవతలికి వచ్చారు. నేను మొదట చేసిన పని, వాళ్ళను వేరు మీదనుంచి లాగి గోడ మీదికి పంపడం. వేరు కొస కాస్త మొద్దుబారింది, అది తిరిగి రాదు. మిగతాదంతా కాపాడుకున్నాను.

ఆరు వారాలకు డాక్టరు తన బలహీనమైన రబ్బరు వేసింది. అక్టోబరు మొదట్లో కొలిచింది. కొలబద్దను తుడిచి మళ్ళీ కొలిచింది. ముప్పావు మిల్లీమీటరు. గదిలో ఉన్న ఇంకో ఇద్దరు డాక్టర్లను పిలిచి చూపించింది, ప్రొఫెసరుకు చెప్పడానికి కారిడార్‌లో పరుగెత్తింది. ఆ రోజు ప్రణీత నవ్వింది, చున్నీ సంగతి మరిచిపోయి.

మార్చికి ఖాళీ పూడింది. జూన్‌కు కమ్ములు విప్పారు. ఆ మెరిసే తీగను ఒక పింగాణీ గిన్నెలో పడేశారు, కసి తీరా చూశాను. ప్రణీత మళ్ళీ పరీక్ష రాసింది, మళ్ళీ సీటు వచ్చింది. ఆగస్టులో వెళుతుంది. జరిగిన పళ్ళు మళ్ళీ కదలకుండా రాత్రిపూట పెట్టుకోమని ఒక క్లిప్పు ఇచ్చారు, పెట్టుకుంటే నాకూ మేలు. కొత్త పోగులు గట్టిపడటానికి ఇంకా ఏడాది కావాలి.

ఆఖరిరోజు డాక్టర్ లహరి ఎక్స్‌రేను పెద్ద తెర మీద పెట్టింది. తెల్లటి పన్ను, బూడిదరంగు ఎముక. ప్రణీత ముందుకు వంగి చూసింది.

"పన్ను సుట్టు ఈ నల్లగీత ఏంది మేడం? సందు ఉన్నదా?"

"సందు కాదు. నేను చెప్పిన పొర అదే. ఎక్స్‌రేలో అలాగే కనిపిస్తుంది. ఆ రోజు నువ్వు నోరు విప్పకపోతే పన్నుతోపాటు దాన్నీ బుట్టలో పారేసేదాన్ని."

ప్రణీత చూపుడువేలు తెర మీద పెట్టి ఆ గీత వెంట మెల్లగా పైకి, వేరు కొస చుట్టూ, మళ్ళీ కిందికి తీసుకొచ్చింది. అండాలమ్మ స్టూలు మీదనుంచి లేచి దగ్గరికి వచ్చింది. కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది.

"గింత సన్నగున్నదా!" అంది. "దీనికా నేను ట్యూబు రబ్బరు కట్టింది?"

ఆమె గాడిపడిన ముందుపళ్ళతో కింది పెదవి కరుచుకుని, తెర మీద చెయ్యి పెట్టింది.

"తప్పయింది తల్లీ," అంది.

మనవరాలు తనతోననుకుని "ఊకో నాయనమ్మా," అంది. డాక్టరు తనతోననుకుని "పర్లేదు మామ్మగారూ," అంది. ముసలామె వాళ్ళిద్దరివైపూ చూడలేదు, చెయ్యి ఆ గీత మీదనుంచి తీయలేదు.